నాయనకు అర్థమైన పేజీ

చిప్ డిజైన్ కోడ్‌ను లాజిక్ గేట్లుగా మార్చే ఓపెన్ సోర్స్ టూల్ ఒకటుంది. మార్కాపురంలో మా దుకాణం పైగదిలో కూర్చుని, జీతం లేకుండా, ఏళ్ళుగా దాని కోడ్ బాగోగులు చూసేది నేనే.

ఈ మధ్య గిద్దలూరులో ఉండే మా మరదలికీ ఈ పని నేర్పాను. ఈ రోజు ఆ అమ్మాయి టూల్ ఏం చేస్తుందో వివరించే డాక్యుమెంటేషన్‌లో మొదటి పేజీని తెలుగులో రాసి పంపింది. ఒక్క లైను కోడ్ లేదు. అయినా మధ్యాహ్నానికి టూల్ సైట్‌లో దాని కింద అందరివీ చప్పట్లే! నెలల తరబడి నేను సరిచేసిన కోడ్ కింద ఈగ కూడా వాలలేదు.

"ఏందిరా ఆ మొహం?" అన్నాడు నాయన. ఆ పేజీ తెరిచి ఫోన్ చేతికిచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు.

"చేలో నీళ్ళు పారాలంటే బోర్లో నీళ్ళూ ఉండాల, కరెంటూ ఉండాల. గేటంటే ఇట్లాంటిదేనంట గదా?"

"అదొక రకం గేటు నాయనా."

"ఇన్నేండ్లు నువ్వు పైన కూచోని చేసేది ఇదా? ఒక్కరోజన్నా నాకు ఇట్ల చెప్పినావా?"

ఆ పేజీని టూల్‌లో చేర్చే బటన్ నా చేతిలోనే ఉంది. అందులోని బోరు బొమ్మ కొంచెం చిన్నది చేసి మళ్ళీ పంపమని రాశాను. "సరే బావా" అని అయిదు నిమిషాల్లో పంపేసింది.

బటన్ ఇంకా నొక్కలేదు. మీరైతే నొక్కేవారా? నిజం చెప్పండి.