బాపయ్య బాబాయి కుడిభుజం

బాపయ్య బాబాయికి సొంతంగా ఏ జబ్బూ లేదు. ఊళ్ళో ఎవరికి ఏది వస్తే ఆయనకూ అదే వచ్చేది.

సిలార్‌కు కన్ను మసకబారిన నెలలోనే బాబాయి గోడ పట్టుకుని నడిచాడు. వెంకాయమ్మగారికి ఆయాసం మొదలైన వారానికి మా అరుగు మీద కూర్చుని ఎగపోశాడు.

"నిన్న మిరపతోటలో మందు డ్రమ్ము ఎత్తావు కదా బాబాయ్?"

"అది నిన్నరా."

ఒంటరిగా మాత్రం ఆసుపత్రికి వెళ్ళడు. ఎవరో ఒకరు తోడు రావాలి. ఒకసారి సిలార్ వెళ్ళాడు, ఒకసారి వెంకాయమ్మగారు. తోడు రమ్మంటే మా ఊళ్ళో ఎవరూ కాదనరు.

ఈసారి భుజం.

బసవమ్మ పిన్ని ఏడాదిగా ఎడమచేత్తోనే బట్టలు ఆరేస్తోంది. డాక్టరుకు చూపించుకోమంటే, "పత్తి తీతలు కానీ" అనేది. అవి అయ్యాక, "మిరప కోతలు కానీ" అంది. ఒకరోజు పొద్దున్నే బాబాయి భుజం పట్టుకుని లేచాడు.

"బసవా, చెయ్యి లేవట్లా. గుంటూరు పోదాం, తోడు రా."

"మళ్ళీ ఏమొచ్చిందండీ మీకు?" అంటూనే పిన్ని చీర మార్చుకుంది.

నేనూ వెళ్ళాను. బస్సు మెట్టు దగ్గర నా మోకాలు పట్టేసింది. బాబాయి నా కాలి వైపు ఒకసారి చూసి బస్సెక్కాడు.

డాక్టర్ రాగసుధ ఎక్స్‌రే చూసింది. పేరు చూసింది. మళ్ళీ ఎక్స్‌రే చూసింది.

"ఇది పాతికేళ్ళ కుర్రాడి భుజంలా ఉందండీ. నొప్పి ఎక్కడ?"

"కుడివైపమ్మా" అంటూ బాబాయి ఎడమభుజం రుద్దుకున్నాడు.

"చెయ్యి ఎంతవరకు లేస్తుంది?"

"నాకు చెప్పడం రాదు. బసవా, నా చెయ్యి ఎంత లేస్తదో చూపించు."

పిన్ని అయోమయంగా తన చెయ్యి ఎత్తింది. అది రొమ్ము దగ్గరే ఆగిపోయింది. డాక్టరు కుర్చీలోంచి లేచింది.

పిన్నికీ ఎక్స్‌రే తీశారు. కీలు బాగా అరిగిపోయింది.

"ఎముక తల మొత్తం కోసేయం. అరిగిన పైపొర సాపు చేసి, నున్నటి లోహపు టోపీ తొడుగుతాం" అంది డాక్టరు.

"మార్టూరులో రాళ్ళకు పాలిష్ పట్టినట్టా?" అన్నాడు బాబాయి.

"దాదాపు అంతే."

"నాకేం వద్దు. నొప్పి ఆయనది కదమ్మా" అంది పిన్ని.

డాక్టరు బాబాయిని ఒక్క క్షణం చూసింది. "ఆయన నొప్పి తగ్గాలంటే ముందు మీది తగ్గాలమ్మా."

పిన్ని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అయితే కానీయండి. ఈయనతో నేను పడలేను."

ఆపరేషన్ అయిన వారం సిలార్ కనిపించాడు. సంగతంతా చెప్పాను.

"నేనూ ఆయన కన్ను చూపించడానికే పోయాను. శుక్లం నాకు తీశారు. ఎలా జరిగిందో ఇప్పటికీ తెలీదు" అన్నాడు. వెంకాయమ్మగారిని అడిగాను. ఆయాసానికి మందులు ఆమే వాడుతోందట.

కొన్ని నెలలకు పిన్ని కుడిచేత్తో తీగ మీద దుప్పటి ఆరేస్తుంటే చూశాను. బాబాయి పక్కనే మంచం మీద ఉన్నాడు.

"నీ భుజం ఎలా ఉంది బాబాయ్?"

"దుప్పటి తీగెక్కింది, నాకూ తగ్గింది."

నవ్వుకుంటూ బయల్దేరాను. బాబాయి కూడా మంచం దిగి, నా వెనకే కుంటుకుంటూ వచ్చాడు.

"ఏరా, మోకాలు పట్టేసింది. రేపు గుంటూరుకు తోడొస్తావా?"

"ఏ మోకాలు బాబాయ్?"

ఆయన నా కాళ్ళ వైపు చూశాడు.

"నీకేదిరా?"