పార్కు బెంచీకి అతుక్కున్న కార్యదర్శి

ఊరికి ఉపకారం చేయబోయి చేతులు కాల్చుకున్నవాళ్లను మీరు చూసి ఉంటారు. నేను వీపు అంటించుకున్నాను. సూర్యాపేటలోని ఒక పాత పార్కును కాపాడబోయి, నా చేతులతో నేనే దాన్ని ముంచేసినంత పని చేశాను. వినండి, నవ్వండి. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు, చెమటలే వచ్చాయి.

అవి ఎనభైల చివరి రోజులు. నేను ఎరువుల దుకాణంలో గుమాస్తాను. మీసం ఇంకా పూర్తిగా రాలేదు గానీ పెత్తనం మాత్రం వచ్చేసింది. నిజాం కాలంలో వేసిన ఆ పార్కుకు ప్రహరీ కూలిపోయింది. పగలు పందులు, సాయంత్రం పేకాటరాయుళ్లు వంతులవారీగా కాపురం ఉండేవాళ్లు. దాన్ని చదును చేసి దుకాణాలు కడతారట అన్న మాట ఊళ్లో పుట్టింది. రిటైరైన హెడ్మాస్టరు నర్సయ్య సారుకు అది గుండెల్లో గుచ్చుకుంది. చందాలు పోగుచేసి గోడ కట్టిద్దామని సంఘం పెట్టారు. ఆయన అధ్యక్షుడు, నేను కార్యదర్శి. నన్నెవరూ ఎన్నుకోలేదు లెండి. మీటింగుకు కుర్చీలు మోస్తుంటే ఆ పదవి వచ్చి నెత్తిన పడింది.

ఊరంతా తిరిగితే టీలు దొరికాయి గానీ చందాలు దొరకలేదు. ఆశలు వదులుకున్న వేళ మిర్యాలగూడ నుంచి కబురు వచ్చింది. అక్కడ రైసుమిల్లు నడిపే రత్తమ్మగారి తండ్రి బుచ్చయ్యగారు ఒకప్పుడు ఆ పార్కులో సిమెంటు బెంచీ వేయించారట. వీపు ఆనించేచోట ఆయన పేరు చెక్కి ఉంటుందట. ఆమె మాట సూటిగా ఉంది: "మా నాయిన పేరు కండ్లార సూస్త. పేరుంటే గోడ నేనే కట్టిస్త. లేకుంటే నా కారు ఎనక్కి తిరుగుతది."

పేరు ఉంది. సున్నం మరకల కింద, కిళ్లీ ఉమ్ముల కింద భద్రంగా ఉంది.

"శీనూ, ఆమె పొద్దుగూకేలకు వస్తదట. బెంచీ జర నీళ్లతోని కడిగియ్యి" అన్నారు సారు.

నీళ్లతో అనే అన్నారు. నేను విన్నాను కూడా. కానీ కార్యదర్శి స్థాయి మనిషి ఉత్త నీళ్లతో కడుగుతాడా? పాయిఖానాలు కడిగే యాసిడ్ తెచ్చి గుమ్మరించి, ఇనుప బ్రష్షుతో తోమాను. మరక పోయింది. మరక వెంట సిమెంటు పెచ్చు పోయింది. పెచ్చు వెంట బుచ్చయ్యగారు పోయారు.

బెంచీ అద్దంలా మెరుస్తోంది, పేరు లేదు! పరుగెత్తుకెళ్లి రంగుల దుకాణంలో పడ్డాను. దాని యజమానిది కోదాడ.

"తొందరగా ఆరేది ఉందా అన్నా?"

"గంటలో ఆరిపోద్ది బాబూ. ఆరకపోతే నన్నడుగు" అన్నాడు.

నీలం రంగు డబ్బా కొన్నాను. పెద్ద పెద్ద అక్షరాలతో 'బుచ్చయ్య' అని రాశాను. చివరి అక్షరం దిద్దుతుండగా గేటు దగ్గర హారను మోగింది. అంబాసిడర్ కారు! మిట్టమధ్యాహ్నమే వచ్చేసింది మహాతల్లి. డబ్బా పొదలోకి విసిరేశాను.

తెల్ల చీర, లావు కళ్లద్దాలు. పక్కన చేతులు కట్టుకుని సారు. ఆమె నడుస్తూనే అంటోంది: "నా సిన్నప్పుడు మా నాయిన నా ఏలు పట్టి ఆ అచ్చరాల మీద దిద్దించిండు సారూ. ఇయ్యాల మళ్ల దిద్దాలె."

దిద్దుతుందట! వేలు పెడితే తడి రంగు. తడి రంగు చూస్తే పాత పేరు ఏమైందని అడుగుతుంది. ఆ తర్వాత కారు, వెనక్కి తిరగడం, దుకాణాలు, అంతా ఖతం. ఆలోచించే తీరిక లేదు. వెళ్లి బెంచీ మీద కూలబడి, వీపును పేరుకు ఆనించేశాను.

"లే రా, అమ్మగారు వస్తుంటే కూసుంటవా!" సారు పళ్లు కొరికారు.

"నడుము పట్టింది సారూ."

"ఇప్పుడే పట్టిందా?"

"ఇప్పుడే, గిక్కడ్నే."

రత్తమ్మగారు దగ్గరికొచ్చి నా మొహం చూసింది. చెమటతో నిజంగానే రోగిలా ఉన్నాను. "అయ్యో బిడ్డా, కదలకు. మా మిల్లుల హమాలీలకు గిట్లనే పడతది" అంది. ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే డ్రైవరును పిలిచింది. "చంకల కింద పట్టి ఒక్కసారి గుంజు. దవాఖానకు తీస్కపోదాం."

"వద్దమ్మా! ఇట్లనే మంచిగున్నది!"

"బెంచీ మీద సంసారం చేస్తవా? గుంజు!"

డ్రైవరు గుంజాడు. నేను బెంచీని పట్టుకున్నాను. సారు నా వేళ్లు విడదీశారు. రంగుకు అంటుకున్న చొక్కా చర్రున ఊడివచ్చింది.

బెంచీ మీద నీలం బురద తప్ప ఏమీ లేదు. రత్తమ్మగారు నా వెనక్కి వచ్చి, కళ్లద్దాలు సవరించుకుని, నా తెల్ల చొక్కా మీద తిరగబడి అచ్చుపడ్డ పేరును కుడి నుంచి ఎడమకు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంది. "బు... చ్చ... య్య." తర్వాత గొంతు మారింది. "అసలు పేరేమైంది?"

ఇక దాచి ఏం లాభం? యాసిడ్ దగ్గర్నుంచి చెప్పేశాను. సారు నెత్తి పట్టుకున్నారు. ఆమె బెంచీ వైపు తిరిగింది. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది!

"బతికినన్నాళ్లు ఎవ్వని ఈపు మీద బరువెయ్యలే మా నాయిన. సచ్చినంక నీ ఈపెక్కిండు గద రా! సారూ, పేరుంటే గోడ కట్టిస్త అన్న. ఉన్నది. బెంచీ మీద లేకున్నా పార్కుల ఉన్నది. ఏయ్ బిడ్డా, ఆ అంగీ ఇప్పు."

"అమ్మా?"

"ఇప్పు. మా ఇంట్ల గోడకు పెట్టుకుంట."

చొక్కా అంబాసిడర్ ఎక్కి మిర్యాలగూడ వెళ్లింది. నేను చిల్లుల బనీనులో నడివీధిన ఇంటికి నడిచాను. గోడ లేచింది, పార్కు నిలిచింది, బెంచీకి రాతిపలక మీద కొత్తగా పేరు చెక్కారు. ఆ పని జరుగుతున్నంతసేపు నన్ను గేటు బయటే నిలబెట్టారు సారు.

ఆనాడే, బనీను సాక్షిగా, కుడిచెయ్యి ఎత్తి ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో రంగు డబ్బా ముట్టను, బ్రష్షు పట్టను. మొన్న మా ఆవిడ ఇంటి గేటుకు రంగు వేయమంది. "ఆడిన మాట తప్పనివాణ్ణి" అన్నాను గంభీరంగా. గేటు తుప్పు పట్టింది. నా మాట మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.