ఏకాదశి దాకా ఆగిన ఓటు

ఏడుకొండల మీద నిలబడి, ఈ ఇసుక నేలలో బతికేవాళ్ల మీద కూడా చూపు నిలిపే స్వామికి ముందుగా నమస్కారం. పిలిచినవాడు ఏ భాషలో పిలిచాడో, ఏ దేశపు కాగితాల మీద ఉన్నాడో అడగనివాడికి నమస్కారం. మొసలి కాలు పట్టిన ఏనుగు మొర పెట్టుకుంటే, ఉన్నవాడు ఉన్నట్టే లేచి పరుగెత్తిన ఆ దయకు నమస్కారం. ఆ దయ గొప్పదని చెప్పుకున్నాకే నా తప్పు చెప్పుకోవాలి. తప్పు నాది, ఆయనది కాదు.

నేను కువైట్‌లో ఒక బడిలో ఫరాష్‌ని. టీచర్లకు టీ పెట్టడం, ఫైళ్లు మోయడం, కొరియర్ ఆఫీసుకు వెళ్లి రావడం నా పని. మాది అన్నమయ్య జిల్లా. చిన్నప్పుడు భజన మందిరంలో హార్మోనియం పక్కన కూర్చుని పురాణం చదవడం, పద్యానికి అర్థం చెప్పడం నేర్చుకున్నాను. ఆ చదువే ఇక్కడ నాకు మర్యాద తెచ్చింది. మంగఫ్‌లో మేం ఆరుగురం ఉండే గదికి ప్రతి శుక్రవారం పదిహేను మందిదాకా వస్తారు. తలుపు వేసుకుని, పక్క ఫ్లాట్‌వాళ్లకు ఇబ్బంది లేకుండా తాళాలు మెల్లగా కొడుతూ నామం చెప్పుకుంటాం. వారమంతా బడిలో నన్ను "యల్లా, చాయ్" అని తొందరపెట్టి పిలుస్తారు. శుక్రవారం మాత్రం స్వామీ అంటారు. ఆ పిలుపు రుచి మరిగాను. నా తప్పులో దానికీ వాటా ఉంది.

బడిలో లెక్కలు చెప్పే మిస్‌ది అమెరికా. అరవైకి దగ్గర పడింది. టీ తాగిన కప్పు తానే కడిగి బోర్లించేది. నన్ను "సదీక్" అని పిలిచేది. అరబ్బీలో స్నేహితుడా అని అర్థం. ఎవరైనా ఎవరినైనా అలా పిలుస్తారు ఇక్కడ, కానీ ఆవిడ ఆ మాటను మాటగానే అనేది కాదు.

ఆ ఏడాది వాళ్ల దేశంలో అధ్యక్షుడి ఎన్నిక. టీచర్లంతా దాని గురించే మాట్లాడుకుంటుంటే, ఒక మధ్యాహ్నం టీ గదిలో ఆవిడను అడిగాను, మీరు ఇక్కడుంటే ఓటు ఎలా వేస్తారని.

"కాగితం మీద వేసి పంపుతాను. నా ఓటు నా రాష్ట్రానికి పోతుంది" అంది. తర్వాత టీ పొట్లాల డబ్బా తెరిచి, బల్ల మీద ఒక వైపు ఏడు, ఇంకో వైపు ఎనిమిది పెట్టింది. "ఇదే మా రాష్ట్రం అనుకో. ఎప్పుడూ ఇంతే తేడా." అని, అరచేత్తో ఆ ఏడింటినీ ఎనిమిది వైపు తోసేసింది. "దేశం లెక్కలో మా రాష్ట్రం బలమంతా ఇటే పడుతుంది. ఒక్కటి ఎక్కువైతే చాలు."

"మరి ఈ ఏడు?"

"ఇంటికెళ్లి ఏడుస్తాయి" అని నవ్వింది.

తర్వాత నవ్వకుండా ఇంకో మాట చెప్పింది. ఆమె చెల్లెలికి కండరాలు చచ్చుబడే జబ్బు. ఆ రాష్ట్రంలోనే, పెద్ద సరస్సు పక్కన ఒక చిన్న ఊళ్లో మంచం పట్టి ఉంది. సర్కారు సాయంతో రోజూ ఒక నర్సు ఇంటికొచ్చి చూస్తుంది. పోటీలో ఉన్న ఇద్దరిలో ఒకరు గెలిస్తే ఆ సాయం పోతుందని మిస్ భయం. అది నిజమో కాదో నాకు తెలియదు. ఆ భయం మాత్రం నిజం. "నేను డబ్బు పంపగలను. పక్కన ఉండలేను. ఈ ఒక్క ఓటు మాత్రం అక్కడికి వెళ్లి నిలబడగలదు" అంది.

నా ఓటు నేను వేసి పద్నాలుగేళ్లయింది. వేయాలంటే ఊరికి పోవాలి, సెలవు నాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ చేతిలో ఉంటుంది. కదలకుండానే సముద్రాలు దాటే ఓటు ఒకటుందని వింటే నాకు ఒళ్లు పులకరించింది.

ఒక గురువారం బడి వదిలే వేళకు మిస్ నా చేతికి ఒక కవరు ఇచ్చింది. అంటించి, మీద సంతకం పెట్టి ఉంది. ఆమె కాలికి కట్టు ఉంది, మెట్లమీద బెణికింది. లేకపోతే తానే పోయేది.

"సదీక్, ఇది నా ఓటు. వచ్చే మంగళవారం కాదు, ఆపై మంగళవారం లోపల అక్కడికి చేరాలి. కొరియర్‌కు ఏడు రోజులు పడుతుంది."

"చేరుతుంది మిస్" అన్నాను.

బస్సులో ఫహాహీల్ దాకా వెళ్లాను. కొరియర్ ఆఫీసు తెరిచే ఉంది. గాజు తలుపు మీద చేయి పెట్టాక గుర్తొచ్చింది, ఆ రోజు అష్టమి. మా ఇంట్లో అష్టమి నవమి రోజుల్లో విత్తనం కూడా బయటికి తీసేవాళ్లు కాదు. ఇంత బరువున్న కాగితాన్ని అష్టమి నాడు గడప దాటిస్తానా? పన్నెండు రోజులున్నాయి. చేయి వెనక్కి తీసుకున్నాను. ఈ రోజుకీ ఆ గాజు తలుపు చల్లదనం నా అరచేతిలో ఉంది.

మర్నాడు శుక్రవారం భజనలో ఆ కవరును స్వామి పటం ముందు పళ్లెంలో పెట్టి, సంగతి అందరికీ చెప్పాను.

ఏసీలు బాగుచేసే కోనసీమ ఆయన ఒకడున్నాడు. అన్నీ అడిగి గాని చేతులు జోడించడు. "ఆయ్, నాకో అనుమానం స్వామీ. ఆవిడ ఎవరికేసిందో మనకి తెలీదు గదండీ. మరి ఎవర్ని గెలిపించమని మొక్కుతామండీ?"

"గెలుపు మనకెందుకు? ఓటు క్షేమంగా చేరాలని మొక్కుదాం" అన్నాను.

"అది బాగుందండి. ఎన్నికేమో మంగళవారం అంటన్నారు. వాళ్లకి వారం, వర్జ్యం ఉండవా ఏంటండీ?"

అందరూ నవ్వారు. ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట్లో పనిచేసే కడప అక్క తలుపు పక్కన కూర్చుని ఉంది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, శుక్రవారం మూడు గంటలు వదిలితే, ఆ మూడు గంటలూ మా దగ్గరే గడిపేది. ఆమె నవ్వలేదు.

"సామీ, నేను సదువుకోలేదు గానీ ఒక మాట. కాగితమంటే పోవాల గదా. దాన్ని ఈడ కూర్సోబెడితే ఆడికి ఎట్ల పోతాది?"

"అక్కా, పోయేది కాగితం. పంపేది ఆయన."

"ఆయప్పకు కొరియర్ ఆపీసు లేదు గదా సామీ" అంది.

మళ్లీ నవ్వారు, ఈసారి నన్ను చూసి. నాకు చురుక్కుమంది. తొందర కూడా ఒక రకం అపనమ్మకమేనని చెప్పి, దానికో పద్యం చదివి, అర్థం కూడా చెప్పాను. అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సోమవారం ఏకాదశి. అప్పటిదాకా రోజూ వెయ్యి నామాలు చదివి, ఏకాదశి పూజ అయ్యాక పంపుదామని నేనే నిర్ణయించాను. నిన్నటి అష్టమి జాగ్రత్త ఆ సాయంత్రానికి నా పెద్దరికం అయింది.

నాలుగు రోజులు పారాయణ బ్రహ్మాండంగా సాగింది. డ్యూటీ బస్సు దిగి, చెమట చొక్కాలు మార్చుకుని వచ్చి కూర్చునేవాళ్లు. ఎన్నడూ చూడని ఒక తల్లి ఓటు కోసం, ఎన్నడూ చూడబోని ఒక రాష్ట్రం కోసం. ఆ గది అంత పవిత్రంగా నాకు మరెప్పుడూ కనిపించలేదు. సోమవారం హారతి అయ్యేసరికి ఆఫీసు మూసేశారు. మంగళవారం మేం ఏదీ పంపం. బుధవారం పొద్దున పంపాను.

నా లెక్క ఇదీ. సప్తాహం చదివేటప్పుడు మొదలుపెట్టిన రోజే మొదటి రోజు. బుధవారం ఒకటి, గురువారం రెండు. అలా వేళ్లు మడిస్తే మంగళవారం సరిగ్గా ఏడు. ఏడో రోజు ముగింపు, ఎన్నిక రోజు. ఇది కూడా స్వామి కూర్చిందేనని పొంగిపోయాను.

కౌంటర్‌లో ఉన్న మలయాళీ అబ్బాయి కవరు తూకం వేసి హిందీలో అన్నాడు. "ఏడు పనిదినాలు. రేపటి నుంచి లెక్క. సెలవులు కలపం."

"మంగళవారానికి చేరదా?"

"చేరదు అన్నా. గురువారం, శుక్రవారం కావచ్చు."

రసీదు చేతిలో పెట్టాడు. అప్పుడు నేను తిన్నగా బడికి పోయి మిస్‌తో చెప్పాలి. చెప్పలేదు. నలుగురు కలిసి నాలుగు రోజులు పిలిచిన పిలుపు వట్టిపోదని నాకు నేను చెప్పుకున్నాను. అది నమ్మకమే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే అది సిగ్గు. నమ్మకం చొక్కా తొడుక్కున్న సిగ్గు.

"పంపావా సదీక్?" అని మిస్ అడిగింది.

"పంపాను మిస్" అన్నాను. మాట అబద్ధం కాదు. మాట లోపల ఉన్నదంతా అబద్ధం.

మర్నాడు దీపావళి. గదిలో ఐదు ప్రమిదలు పెట్టుకున్నాం. నేను ప్రసాదం నోట్లో వేసుకోలేకపోయాను.

ఆ మంగళవారం దాటి బుధవారం వచ్చింది. మన పగలు వాళ్లకు రాత్రి, కాబట్టి లెక్కింపు వార్తలు బడి జరుగుతుండగానే వస్తున్నాయి. మిస్ టీ గదిలో ఫోన్ ముందు కూర్చుంది. తెర మీద వాళ్ల రాష్ట్రం చాలాసేపు రంగు లేకుండా ఉంది. మూడో పీరియడ్ అయ్యాక గెలిచినవాళ్ల రంగు పడింది. అది ఆమె కోరిన రంగు కాదు. తేడా కొద్దిపాటిదేనట. ఆ రాష్ట్రం బలమంతా ఒకవైపు పోయింది. నేను ఆమె ముందు టీ పెట్టాను. తాగలేదు.

ఇంకో రెండు రోజులకు ఆమె ఓటు గురించి రాష్ట్రం నుంచి ఫోన్‌కు కబురు వచ్చింది. ఆలస్యంగా అందింది, లెక్కలో చేర్చలేదు అని. ఆదివారం బడి తెరవగానే ఆమె నన్ను పిలిచి రసీదు అడిగింది. పదకొండు రోజులుగా అది నా జేబులోనే ఉంది. ఇచ్చాను. తారీఖు చూసింది. మళ్లీ చూసింది.

"బుధవారమా?"

అష్టమి గురించి, పటం గురించి, వెయ్యి నామాల గురించి నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆ మాటలు ఆ భాషలో ఎంత చిన్నవిగా వినిపించాయో. ఆమె మధ్యలో ఆపకుండా మొత్తం విన్నది.

"నా ఒక్క ఓటుతో ఫలితం మారేది కాదు" అంది. "లెక్కలు చెప్పేదాన్ని, నాకు తెలుసు. పొద్దున్నే చెల్లెలు ఫోన్ చేసి, నీ ఓటు అందిందా అక్కా అని అడిగింది. దానికి కావాల్సింది ఆ ఒక్కటే."

ఆమె రసీదును బల్ల మీద పెట్టి, తారీఖు మీద వేలు ఉంచింది.

"ఆలస్యమవుతుందని బుధవారమే తెలుసా నీకు?"

"తెలుసు మిస్."

"గురువారం మన సైన్స్ టీచరు సెలవు మీద అమెరికా వెళ్లాడు. బుధవారమే చెప్పి ఉంటే, కవరు వెనక్కి తీసుకుని అతని చేతికిచ్చేదాన్ని." రసీదు మడుస్తూ అంది. "నువ్వు మీ దేవుడితో చెప్పావు. నాతో చెప్పలేదు."

ఆ తర్వాత ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. టీ తీసుకునేది, కప్పు కడిగి బోర్లించేది, థాంక్యూ అనేది. కానీ ఒక్క కాగితం కూడా నా చేతికి ఇవ్వలేదు. జిరాక్సులకు కూడా కుంటుకుంటూ తానే పోయేది. సదీక్ అని మళ్లీ పిలవలేదు.

భజనలో జరిగింది జరిగినట్టు చెప్పాను. కోనసీమ ఆయన తల గోక్కుని, "అంటే మనం చేరాలని కూర్చోబెట్టాం, కూర్చోబెట్టబట్టే చేరలేదన్నమాట" అన్నాడు. ఆయ్ అనలేదు, అండీ అనలేదు. కడప అక్క పోతూ పోతూ గడప దగ్గర ఆగింది. "నేను ఇంగొకసారి గట్టిగా సెప్పి ఉండాల్సింది సామీ. మీరు పద్యం సదివినారని బయపడినా." ఆ వారం నుంచి పురాణం వేరేవాళ్లు చదువుతున్నారు. నేను తలుపు పక్కన కూర్చుంటున్నాను.

ఎండాకాలం రాకముందే మిస్ ఉద్యోగం మానేసింది. ఆ సాయం ఆగిపోయిందో, ఆగుతుందన్న భయమే వాళ్లను తినేసిందో నేను అడగలేదు. చెల్లెల్ని చూసుకోవడానికి పోతున్నానని మాత్రం అందరితో చెప్పింది. టాక్సీ వచ్చిన రోజు పెట్టె అందుకోబోయాను. "వద్దు, నేను తీసుకుంటాను" అని మెల్లగా అని, తానే ఎత్తుకుంది. టాక్సీ మలుపు తిరిగిపోయింది. ఆమె దగ్గరినుంచి ఏ కబురూ లేదు. వస్తుందని ఆశ కూడా లేదు.

నేను స్వామిని నమ్మడం మానలేదు. ఆయన ఆనాడు తిథి చూసుకుని బయల్దేరి ఉంటే ఆ ఏనుగు మడుగులోనే పోయేది. ఆ కథ నేను వందసార్లు చదివి అర్థం చెప్పాను. నాకు అర్థమైంది ఒక్కసారి, గాజు తలుపు దాటని చేతితో. ఇప్పుడు ఆ చెల్లెలి కోసం రోజూ వేడుకుంటాను. జవాబు రాదు. అది అందుకునే అర్హత నా గొంతుకు ఉందో లేదో.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. సరస్సు పక్కన ఆ ఊళ్లో మంచం మీద ఒకామె ఉంది. పేరు నేను అడగలేదు, పేరు లేకుండానే చెప్పండి. ఆమె ఒంటి నొప్పి తగ్గాలని, పక్కన కూర్చున్న అక్క అలసిపోకూడదని నాతో కలిసి ఒక్కసారి చేతులు జోడించండి. ఈ రోజు అష్టమా, నవమా చూడకండి. తర్వాత చేద్దామని పుస్తకం మూయకండి. ఇప్పుడే.