మొహిద్దీన్ కారు మైలేజీ

వెంకటాచలంలో ఉండే మీరా మొహిద్దీన్ కారు తాగే డీజిల్ కంటే అతను తాగే టీ ఎక్కువని తోటి డ్రైవర్లు వేళాకోళం చేసేవాళ్లు. కారును అంత ముద్దుగా చూసుకునేవాడు మరి. కృష్ణపట్నం దగ్గర ఒక కరెంటు ప్లాంటుకు ఆ కారు కాంట్రాక్టు మీద తిరుగుతుంది. తెల్లవారేసరికి ఉదయం షిఫ్టు వాళ్లను అక్కడ దింపి, రాత్రి షిఫ్టు వాళ్లను తెచ్చి ఇళ్ల దగ్గర వదిలిపెడితే, మళ్లీ సాయంత్రం దాకా అతనికి పని లేదు.

ఆ మధ్య వేళంతా ఇదివరకు అక్క ముంతాజ్‌తో గడిచిపోయేది. తల్లి పోయాక అతన్ని పెంచిన మనిషి ఆమె. తమ్ముడికి సంబంధాలు కుదరలేదు, తమ్ముణ్ణి వదిలి తాను చేసుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. ఇద్దరూ అలాగే యాభై దాటారు. అలాంటిది నిరుడు బిట్రగుంటలో, రైల్వేలో పనిచేసి రిటైరైన ఒకాయన, భార్య పోయినవాడు, ముంతాజ్‌ను నిఖా చేసుకుంటానని కబురు పెట్టాడు. "ఈ వయసులో నాకెందుకు తమ్ముడూ" అని ఆమె సిగ్గుపడితే, ఒప్పించింది మొహిద్దీనే. తన కారులోనే తీసుకెళ్లి అత్తారింట్లో దింపి వచ్చాడు. శుభకార్యం చేసి వచ్చి ఏడ్చేవాణ్ణి లోకం ఏమంటుంది? అందుకే ఏడవలేదు. ఒంటికాయ సొంఠికొమ్ములా ఆ ఇంట్లో మిగిలిపోయాడు.

ఇక అతన్ని కూర్చోబెట్టి మాట్లాడే మనిషి ఒక్కడే, హైవే పక్కన షెడ్డు పెట్టుకున్న మెకానిక్ పోలేరయ్య. కారు కొన్ననాటి నుంచి ఆ చేతులు తప్ప వేరే చేతులు దాని బానెట్టు ఎత్తలేదు. పొద్దున ట్రిప్పు అయ్యాక అక్కడ టీ తాగి, నాలుగు మాటలు చెప్పుకుని, ఎండెక్కే వేళకు మొహిద్దీన్ ఇంటికి చేరేవాడు.

వేసవి మొదట్లో కారును మామూలు సర్వీసింగ్‌కు ఇచ్చాడు. ఆయిలు మారింది, ఫిల్టర్లు మారాయి. ఏసీ కూడా శుభ్రం చేసి, "ఒరే మొహిద్దీనూ, ఇప్పుడు చూడు, లోపల కూచుంటే దుప్పటి అడుగుతావు" అన్నాడు పోలేరయ్య.

సరిగ్గా అప్పటి నుంచే మైలేజీ పడిపోయింది. డ్రైవర్ల లెక్క ఒకటుంది. ట్యాంకు మూతి దాకా నింపి, కారును అటూ ఇటూ ఊపి, గాలి పోయిన చోట ఇంకాస్త పోయించుకుంటారు. మళ్లీ అలా నింపేలోగా మీటరు ఎంత తిరిగిందో చూసుకుంటారు. లీటరుకు పద్దెనిమిది కిలోమీటర్లు ఇచ్చే కారు పదమూడుకు దిగింది. పోలేరయ్య టైర్లలో గాలి చూశాడు, బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని చక్రాలు విప్పాడు, పైపులన్నీ తడిమాడు. తన పని మానుకుని నెల్లూరు దాకా పక్కన కూర్చుని వెళ్లి వచ్చాడు. కారు బంగారంలా నడిచింది. "నాకేం దొరకలా రా" అని తల గోక్కున్నాడు.

అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు. ప్లాంటు గేటు దగ్గర ఆనందబాబు అనే డ్రైవరు ఒక మాట వదిలాడు. "మంచి ఇంజెక్టర్లు పీకి పాతవి తగిలించుంటాడన్నా. నమ్మినోళ్ల బండ్లకే అట్ట చేస్తారు." ఆ మాట మొహిద్దీన్ బుర్రలో పురుగులా దూరింది. మర్నాడు షెడ్డులో నలుగురు ఉండగా అడిగేశాడు.

"అన్నా, నిజం చెప్పు. నా బండిలో సామాన్లు మార్చినావా?"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. పోలేరయ్య అరవలేదు, ఒట్టు పెట్టలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుని, "ఇంకెవురికైనా చూపించుకోపో" అన్నాడు.

మొహిద్దీన్ ఆ వైపు పోవడం మానేశాడు. చిత్రమేమిటంటే, పోలేరయ్య చెయ్యి తగలని ఆ రోజుల్లోనే మైలేజీ ఇంకా దిగజారింది. "చూసినావా, ఎంత పాడుచేసి పెట్టినాడో" అని తనకు తానే చెప్పుకున్నాడు, వినడానికి ఇంకెవరూ లేరు గనక. నెల్లూరులో ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళితే, అన్నీ అసలు సామాన్లే, లోపమేమీ లేదని పంపేశారు. వీళ్లకేం తెలుసులే అనుకున్నాడు. అంత మూర్ఖంగా తయారయ్యాడు.

ఒకరోజు పక్కింటి పేరమ్మ అతని కారు అద్దం తట్టింది. పొద్దున్నే చేపల గంపతో వీధులు తిరిగి, ఎండ ముదిరేలోగా ఇంటికొచ్చి మనవరాలిని చూసుకునే మనిషి ఆమె.

"మొహిద్దీనన్నా, ఏమనుకోబాకు. నీ కారు మా గోడ పక్కన గుర్రుమంటా ఉంటే పసిది నిద్రపోవడంలా. కాస్త ఆపుకోరాదా?"

"ఎంతసేపులేమ్మా, ఏసీ కోసం పది నిమిషాలు."

"పది నిమిషాలా! నేను చేపలమ్మి వచ్చేసరికి కూచోనుంటావు. వండి, తిని, ఓ కునుకు తీసి లేచినా అట్నే ఉంటావు. ఇంట్లో ఫ్యాను లేదా ఏంది?"

ఫ్యాను ఉంది. మంచి గాలే వస్తుంది. మొహిద్దీన్ తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశాడు. డీజిల్ ఎక్కడికి పోతోందో ఆ నిశ్శబ్దంలో తెలిసొచ్చింది. చక్రం తిరిగితేనే డీజిల్ ఖర్చని డ్రైవరు బుద్ధికి అలవాటు. నిలబడ్డ బండికి మీటరు తిరగదు, తిరగని మీటరు లెక్కలోకి రాదు. రోజూ "ఇదిగో దిగుతున్నా" అనుకుంటూనే కూర్చున్నాడు. కారులో ఒంటరిగా ఉన్న డ్రైవరు ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టే ఉంటాడు. ఇంట్లోకి పోతే ఎదురుచూడటానికి ఎవరున్నారు? పోలేరయ్యతో చెడ్డాక పొద్దుటి పూట కూడా ఇక్కడే గడుస్తోంది. అక్క ఫోను చేసి ఏం చేస్తున్నావని అడిగితే, స్టీరింగు మీద చెయ్యి పెట్టుకునే "ఇంట్లోనే ఉండానక్కా" అనేవాడు.

ఇప్పుడు పోలేరయ్య పేరు నిలబడాలంటే ఈ సంగతంతా నలుగురిలో చెప్పాలి. నింద వేసింది నలుగురిలో కదా! సిగ్గు చంపేసింది. షెడ్డు దాకా పోయి ఆపకుండా దాటిపోయాడు, మళ్లీ పోయి మళ్లీ దాటిపోయాడు. చివరికి ఎలాగో దిగాడు. తీరా చూస్తే జాకీ మీదున్నది ఆనందబాబు కారే. మనిషీ అక్కడే ఉన్నాడు, ఇంకో ఇద్దరు డ్రైవర్లూ ఉన్నారు. పోలేరయ్య కారు కింద ఉన్నాడు.

"అన్నా, నీ తప్పేం లేదు. బండిదీ లేదు" అన్నాడు మొహిద్దీన్, కింద కనిపిస్తున్న కాళ్లతో. "మా అక్క బిట్రగుంటకు పోయినాక నాకు ఇంట్లోకి పోబుద్ధి కావడంలా. ఏసీ వేసుకోని ఇంటి ముందరే బండిలో కూచుంటా ఉండా. డీజిలంతా అట్ట పోయింది. నేను నిన్ను దొంగను చేసినా."

ఆనందబాబు నవ్వబోయాడు. బయటికి వచ్చిన పోలేరయ్య మొహం చూసి ఆపుకున్నాడు. పోలేరయ్య చేతిలో స్పానరు పక్కన పెట్టాడు.

"మధ్యాన్నం గూడా ఈడికే రావచ్చుగా?"

"నీకు పనుంటది కదన్నా. ఎంతసేపని కూచునేది?"

"నువ్వు కూచుంటే నా పని అరిగిపోతదా?" అని కసిరి, గొంతు తగ్గించాడు పోలేరయ్య. "నలుగురిలో దొంగనన్నావు రా నన్ను. అది పోవాలంటే టైం పడతది. నువ్వు మాత్రం రోజూ వస్తా ఉండు."

మళ్లీ కారు కిందికి దూరాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. మొహిద్దీన్ పాత టైర్ల పక్కన నేల మీదే కూర్చున్నాడు.