వెళ్ళి మరీ బహిష్కరించే కొండలరావు

సింగపూర్‌లో మా పుంగ్గోల్ బ్లాకులో ఏడో అంతస్తు కొండలరావు అంకుల్ దేన్నైనా బహిష్కరించాలనుకుంటే, అక్కడికి స్వయంగా వెళ్ళి మరీ బహిష్కరిస్తారు.

"ఇంట్లో కూర్చుంటే దాన్ని బద్ధకం అంటారమ్మా, బహిష్కరణ అనరు. మనం రాలేదని వాళ్ళకి తెలియాలంటే మనం అక్కడ ఉండాలా వద్దా?"

తంజోంగ్ పగార్ ఓడరేవులో ముప్పై ఏళ్ళు క్రేన్ నడిపిన మనిషి. పైనుంచి చూసిన అలవాటో ఏమో, ఏ తప్పూ ఆయన కన్నుగప్పి పోలేదు. లిటిల్ ఇండియాలో ఒక దోసెల కొట్టువాళ్ళు చట్నీ గిన్నె చిన్నది చేశారని మూడేళ్ళుగా ప్రతి ఆదివారం వెళ్ళి, ఏమీ తినకుండా గంటసేపు కూర్చుని వస్తున్నారు. అసలే ఆదివారం రద్దీ. పెద్దాయనకి చోటు దొరకదేమోనని కొట్టామె పొద్దున్నే టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు 'చోప్' చేసి, అంటే ఆయన కోసం ఆపి ఉంచుతోంది.

సెలూన్ కుర్రాడు ఎదురు మాట్లాడాడని అక్కడికీ వారం వారం వెళ్ళి, పేపరు చదివి, జుట్టు కత్తిరించుకోకుండా వచ్చేస్తారు. జుట్టు భుజాల దాకా వచ్చింది.

"వేరే సెలూన్‌కి వెళ్ళొచ్చుగా అంకుల్?"

"ఛ, వీణ్ణి మోసం చేసినట్టు కాదూ!"

ఇలాంటి మనిషి ఉన్న బ్లాకులోకి ఒక సినిమా గొడవ వచ్చిపడింది. అందులో దేవుడు చెప్పులు కుట్టేవాడి రూపంలో ఊళ్ళోకి వస్తాడట. గుడిలోకి రానివ్వరట. మా శనివారం భజన బృందం పెద్ద వెంకటేశ్వర రావు గారు, బ్యాంకు ఆఫీసరు, ట్రైలర్ సగం చూసి వాట్సాప్‌లో ప్రకటించారు: "ఇది మన దేవుడికి అవమానం. ఎవరూ చూడకూడదు. చూసినవాళ్ళు భజనలో పాట ఎత్తుకోకూడదు."

నేను ఊరుకోలేదు. "అవమానం దేవుడికా, తలుపేసినవాళ్ళకా? మీకు ఇష్టం లేకపోతే మానేయండి, అది మీ భక్తి. మమ్మల్ని చూడొద్దనడం మీ పెత్తనం" అని రాశాను. దానికింద పదిహేను నమస్కారం బొమ్మలు పడ్డాయి. అన్నీ ఆయనకే.

నాకు పోయేదేమీ లేదు. నలిగిపోయింది కుమారమ్మ గారు. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబం, డెబ్బై నాలుగేళ్ళావిడ. భజనలో మొదటి పాట ఆవిడదే. వారం మొత్తంలో ఆవిడ గడప దాటేది ఆ ఒక్కపూటే. ఇటు చూస్తే, ఆ సినిమాకి శబ్దాలు కూర్చినవాళ్ళలో ఆవిడ మనవరాలు చాందిని ఉంది. ఆ పిల్ల హైదరాబాదు నుంచి మన సింగపూర్ యాసలోనే ఫోన్ చేసింది: "అమ్మమ్మా, ఎండ్‌లో నా నేమ్ వస్తుంది లా! మిస్ అవ్వొద్దు!"

"పాట వదులుకోనా, పిల్ల పేరు వదులుకోనా?" అంటూ లిఫ్ట్ దగ్గర నా చెయ్యి పట్టుకున్నారావిడ. లిఫ్ట్‌లోంచి దిగుతున్న కొండలరావు అంకుల్ ఆ మాట విన్నారు.

సాయంత్రానికి గ్రూపులో ఆయన ప్రకటన: "శుక్రవారం ఆరు గంటల ఆటకి వెళ్ళి ఈ సినిమాని బహిష్కరిస్తున్నాను. నేను కళ్ళు తెరవలేదని చెప్పడానికి సాక్షులు కావాలి. కుమారమ్మక్కా, ఆరో అంతస్తు అమ్మాయీ వస్తున్నారు." ఆరో అంతస్తు అమ్మాయిని నేనే. నన్నెవరూ అడగలేదు.

వెంకటేశ్వర రావు గారు పరుగున వచ్చారు. "అంకుల్, టికెట్ కొంటే అది బహిష్కరణ ఎలా అవుతుంది?"

"టికెట్ లేకపోతే లోపలికి రానివ్వరు నాయనా."

హాల్లో ఆయన నిజంగానే కళ్ళు మూసుకున్నారు. ఊరికే ఉన్నారా అంటే, అదీ లేదు.

"ఏమైంది?"

"దేవుడు మెట్ల మీద కూర్చున్నాడు అంకుల్."

"తలుపు తియ్యలేదా ఇంకా?"

"లేదు."

"దుర్మార్గులు! నేను చూడను."

కుమారమ్మ గారు చేతులు జోడించుకుని, తెర మీద వాన చప్పుడైనప్పుడల్లా "ఇది మా పిల్లే చేసుంటుంది" అంటున్నారు.

సినిమా అయిపోయింది. జనం లేచారు. ఇంగ్లీషులో పేర్లు బిలబిలా పైకి పోతున్నాయి. "ఏదీ? ఎక్కడమ్మా?" అని ఆవిడ కంగారుగా నిలబడ్డారు. ఆవిడకి ఇంగ్లీషు చదవడం రాదు. నేను వెతుక్కునేలోపే పక్కనుంచి పెద్ద గొంతు లేచింది. అంకుల్ కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో పేరూ పైకి చదువుతున్నారు. వడ్రంగులు, డ్రైవర్లు, వంటవాళ్ళు, ఎవర్నీ వదల్లేదు. ఊడవడానికి వచ్చినవాళ్ళు చీపుళ్ళతో ఆగిపోయారు.

"చాందిని! అక్కా, అదిగో, పైనుంచి మూడోది!"

ఆ పేరు పైకి జరుగుతున్నకొద్దీ ఆవిడ తల ఎత్తుకుంటూ పోయారు, మాయమయ్యేదాకా.

"కళ్ళు తెరిచారే అంకుల్?"

"నేను బహిష్కరించింది కథని. పనిచేసినవాళ్ళేం చేశారమ్మా?"

మర్నాడు వెంకటేశ్వర రావు గారింట్లో భజన. ఆయన తాళాలు ఒళ్ళో పెట్టుకుని, "కుమారమ్మ గారూ, మీరు కూడా కళ్ళు మూసుకునే ఉన్నారు కదా?" అన్నారు. పాపం, ఆవిడకో దారి చూపిద్దామనే.

"లేదు నాయనా. అంతా చూశాను. ఏడ్చాను కూడా."

ఏనాడూ భజన గుమ్మం తొక్కని కొండలరావు అంకుల్, ముందు వరసలో బాసిపట్టు వేసుకుని గొంతు సవరించారు.

"అక్క పాడకపోతే, ఇవాళ్టి నుంచి ఈ భజనని నేను బహిష్కరిస్తున్నాను."

వెంకటేశ్వర రావు గారి మొహం పాలిపోయింది. "అంటే... ప్రతి శనివారం మా ఇంటికి వస్తారా?"

"అరగంట ముందే వస్తా. ప్రసాదం కూడా ముట్టను."

తాళాలు మారుమాట లేకుండా కుమారమ్మ గారి చేతిలోకి వెళ్ళాయి. ఆవిడ పాట అందుకున్నారు. మొదటి చరణం కాకుండానే అంకుల్ మెల్లగా ప్రసాదం గిన్నె వైపు జరగడం మొదలుపెట్టారు.