అంతరిక్షంలో వాన మోడం

అంతరిక్షంలో వాన పడదని నాకు తెలుసు. బీఎస్సీలో ఫిజిక్స్ చదువుకున్నదాన్ని, ఆ మాత్రం తెలియకుండా ఉంటుందా? అయినా ఒక ఏడాది మండుటెండల్లో కూర్చుని అంతరిక్షానికి వాన మబ్బులు పట్టించాను. ఎందుకని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నేను చెప్పే జవాబు ఒకటే, మాది అనంతపురం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నాయనకు శెనక్కాయల మండీ ఉండేది. ముందు హాలు మండీ, వెనక ఇల్లు. బజారులో తక్కిన మండీల వాళ్లు కంప్యూటర్లు కొంటున్నారని నాయన కూడా ఒకటి కొన్నాడు. ముందు హాల్లో దేవుడి పటం కింద బల్ల వేయించి, దాని మీద పెట్టి, పసుపు కుంకుమలు అద్ది, టెంకాయ కొట్టి, ఆ తర్వాత దానితో ఏం చేయాలో తెలియక నాకు అప్పగించాడు. నేనప్పుడే డిగ్రీ పరీక్షలు రాసి గోళ్లు గిల్లుకుంటూ ఉన్నాను. ఇద్దరికీ కాలక్షేపం దొరికింది.

ఒక కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో అంతరిక్షపు ఆట ఒకటి ఉంది. చిన్న ఓడలో పైలట్‌గా కూర్చుని శత్రువుల ఓడల్ని వెంటాడి కాల్చాలి. కాల్చడం నాకు చేతకాలేదు. వెనక నుంచి వాళ్లు నన్ను చితక్కొడుతుంటే నేను దూరంగా కనిపించే నక్షత్రాలనూ, వాటి చుట్టూ పరుచుకున్న ఎర్రటి ధూళి మేఘాలనూ చూస్తూ ఉండిపోయేదాన్ని. ఎంతసేపు ఎగిరినా ఆ మేఘాలు దగ్గరికి వచ్చేవి కావు. మా ఊరి మబ్బుల బుద్ధే వాటికీ ఉందనుకున్నాను.

తర్వాత అసలు సంగతి తెలిసింది. ఆ ఆకాశమంతా కలిపి ఆరే బొమ్మలు. ముందొకటి, వెనకొకటి, కుడి, ఎడమ, పైన, కింద. ఒక పెద్ద పెట్టె లోపలి గోడలకు వాటిని అతికించి, మధ్యలో మన ఓడను వదిలేస్తారు. బొమ్మలు మారిస్తే ఆకాశం మారిపోతుంది. ఆకాశాన్ని మార్చే పని నాలాంటి మనిషి చేతిలో ఉందని తెలిసిన రోజు నేను అన్నం ముందు కూర్చుని ఏం తిన్నానో నాకే తెలియదు.

ఆ ఆటంటే పిచ్చి ఉన్న వాళ్లు ప్రపంచమంతా ఉన్నారని ఇంటర్నెట్‌లో తెలిసింది. వాళ్లు సొంతంగా కొత్త కథలు, కొత్త ఓడలు, కొత్త ఆకాశాలు తయారు చేసి ఉచితంగా పంచుకునేవాళ్లు. అలాంటి ఒక బృందంలో నేనూ చేరాను. చలిదేశంలో ఉండే ఒకాయన దానికి పెద్ద. నేను చేసిన రెండు చిన్న ఆకాశాలు ఆయనకు నచ్చాయి. ఒకరోజు బృందంలో అందరికీ ఒక ప్రకటన పెట్టాడు. కొత్త కథలో చివరి ఘట్టానికి ఆకాశం కావాలి. ఏళ్ల తరబడి యుద్ధం చేసిన పైలట్ సొంత గ్రహానికి తిరిగి వస్తాడు. ఆ ఆకాశం కనిపించగానే ఆడేవాళ్ల గుండె తేలికపడాలి, ఇంటికి చేరానని అనిపించాలి. ఎవరైనా చేసి పంపవచ్చు, ఒకటే ఎంచుకుంటాం.

ఆ ఒకటి నాదే కావాలని పట్టుబట్టాను. కథ మధ్యలో వచ్చే ఆకాశాలను ఎవరు గుర్తు పెట్టుకుంటారు? చివరిది గుర్తుంటుంది. తర్వాత రోజుల్లో పెళ్లి సంబంధం కుదరాలని కూడా నేను అంత గట్టిగా కోరుకోలేదు.

అది జూన్ నెల. ఆ ఏడు వాన మొహం చాటేసింది. శెనక్కాయ విత్తనం కోసం వచ్చిన రైతులు విత్తడానికి నేల పదునయ్యే వాన పడేదాకా విత్తనం ఎత్తకుండా, ఊరికి పోలేక, మండీ బెంచీ మీద కూర్చుని బీడీలు కాలుస్తూ వాకిట్లోంచి ఆకాశం చూసేవాళ్లు. లోపలికి తిరిగితే నా కంప్యూటర్‌లో ఇంకో ఆకాశం కనిపించేది. ఇక వాళ్లు ఊరుకుంటారా?

"ఏం పాపా, యా ఊరి మోడం ఇది?" అని మొదట పలకరించింది రాప్తాడు దగ్గర నుంచి వచ్చే ఒక పెద్దాయన. మబ్బు పట్టడాన్ని మా వైపు మోడం అంటారు. నేను ఓపిగ్గా కథంతా చెప్పాను. పైలట్ యుద్ధం ముగించి ఇంటికొస్తాడు తాతా, ఆకాశం చూడగానే ప్రాణం లేచిరావాలి అన్నాను.

"అట్లయితే ఇది పడే మోడం గాదు. పొట్ట నల్లగుండల్ల, కిందికి వాలల్ల. ఇదేంది, దూది ఏకినట్ల? గాలికి కర్నాటకానికి ఎగిరిపోతాది."

నిజమే అనిపించింది. గుండె తేలికపడే ఆకాశమంటే నా మనసుకు తోచింది కూడా అదే. మిద్దె ఎక్కి, ఆషాఢపు గాలి తరిమేస్తున్న మబ్బుల్ని మెడ పట్టేసేదాకా చూసి, కిందికి వచ్చి వాటి పొట్టలకు నలుపు దిద్దేదాన్ని. తెల్లని చోట బూడిద రంగు, బూడిద చోట కాటుక రంగు. బెంచీ మీదివాళ్లు రోజూ తనిఖీ చేసేవాళ్లు. కణేకల్ నుంచి వచ్చే రైతు ఒక్కడే పెదవి విరిచేవాడు.

"నాకైతే ఎండే బాగుంటాదప్పా. వడ్లు ఆరల్ల గదా."

"నీకేమప్పా, కాలవ గట్టున కూచున్నోనివి! నువ్వు మాట్లాడాకు," అని పెద్దాయన అతని నోరు మూయించాడు.

తర్వాత మెరుపు గొడవ వచ్చింది. మెరుపు ఈశాన్యం మూల మెరవాలని, అప్పుడే వాన తప్పదని పెద్దాయన పంతం. అంతరిక్షంలో దిక్కులు ఉండవు తాతా అంటే వినడే!

"దిక్కు ల్యాకుండా ఆయప్ప ఇంటికి దావ ఎట్ల కనుక్కున్యాడు?"

గల్లాపెట్టె దగ్గర నుంచి నాయన తీర్పు చెప్పాడు. "ఓడ మొగం తూర్పు అనుకో పాపా. ఇంటికి వచ్చేటోడు తూర్పు మొగం పెట్టుకోని రావడమే మంచిది." నాయనకు ఏ పనికైనా తూర్పు మొగమే మంచిది.

సరే, ముందు బొమ్మ తూర్పు. అప్పుడు ఎడమ బొమ్మ ఉత్తరం. ఈశాన్యం ఎక్కడికి వచ్చింది? సరిగ్గా ఆ రెండు బొమ్మలు కలిసే అతుకు మీదికి! ఆకాశాలు చేసేవాళ్లు అతుకు దగ్గర ఏమీ పెట్టరు. వెంట్రుకవాసి తేడా వచ్చినా గోడ పగిలినట్టు ఆకాశంలో గీత కనిపిస్తుంది. నేను అక్కడే మెరుపు పెట్టాను. సగం మెరుపు ఒక బొమ్మలో, సగం ఇంకో బొమ్మలో. కలిపి చూస్తే విరిగిన కట్టెలా ఉండేది. దిద్దడం, చూడడం, విసుక్కోవడం, మళ్లీ దిద్దడం. మధ్యలో కరెంటు పోయి, దిద్దిందంతా గాలికి పోయేది. అప్పుడు నేను తిట్టిన తిట్లకు బెంచీ మీది మగవాళ్లు కూడా తల దించుకునేవాళ్లు. చివరికి ఒక మధ్యాహ్నం మెరుపు అతుకు తెలియకుండా కుదిరింది. కింది బొమ్మ కూడా మబ్బే అని చూపిస్తే పెద్దాయన కాసేపు దిగులు పడ్డాడు. "కింద గూడా ఆకాశమేనా? మరి వాన పడితే యాడ పడల్ల?"

ఆరు బొమ్మలూ పంపడానికి మండీ ఫోన్ లైనే దిక్కు. అవి పోతున్నంతసేపు ఫోన్ మోగదు. "ఏమ్మా, ఆకాశం పోయిందా లేదా? గుంతకల్లు పార్టీ ఫోన్ చేస్తాననె," అంటూ నాయన గల్లాపెట్టెకూ కంప్యూటర్‌కూ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పోయిందని చెప్పాక ఇద్దరం ఒకేసారి ఊపిరి పీల్చుకున్నాం.

జవాబు వారం లోపలే వచ్చింది. పనితనం అద్భుతం, ముఖ్యంగా ఆ మెరుపు ఎలా అతికించారో అర్థం కాలేదు అని మొదటి వాక్యం. రెండో వాక్యం చదివి నా ఒళ్లు మండింది. మేము ఆశ చూపించమని అడిగాము, మీరు ప్రళయం పంపారు. ఇది చూస్తే ఇంటికి వచ్చినవాడికి గుండె తేలికపడదు, తన గ్రహానికి ఏదో కీడు జరిగిందనుకుంటాడు అని రాశాడాయన. ఆ వెంటే ఇంకొకరు పంపిన ఆకాశం కూడా చూపించాడు. అంతా బంగారు రంగు. మూల నుంచి కాస్తున్న పెద్ద సూర్యుడు. మేఘమన్నది మచ్చుకు కూడా లేదు.

ఎండ! ఇంటికి వచ్చేవాడికి ఎండ చూపిస్తారట! నేను వెంటనే నాకు వచ్చిన ఇంగ్లీషంతా వాడి జవాబు రాశాను. మా దగ్గర వాన మబ్బు చూసి చిన్నపిల్లలు గంతులేస్తారు, పెద్దవాళ్లు దండం పెడతారు, మీ బంగారు సూర్యుణ్ణి చూసి మేము రోజూ తిట్టుకుంటాం అని. ఆయన కోపగించుకోలేదు. మా ఊళ్లో ఏడాదిలో సగం రోజులు ముసురే, ఒక్కరోజు ఎండ కాస్తే మేము పనులు మానుకుని పార్కుల్లో పడుకుంటాం, మీరు చెప్పింది చదివి చాలాసేపు ఆలోచించాను అని రాశాడు. మంచివాడే. కానీ ఓట్లు పెట్టాడు. బృందంలో ఎక్కువమంది ముసురు దేశాల వాళ్లు. బంగారు ఆకాశం గెలిచింది. నాది వృథా కాకూడదని, శత్రువులు పొంచి ఉండి దాడి చేసే ఘట్టానికి పెట్టారు.

నాకు ఏడుపు వచ్చింది. ఏడ్చాను కూడా, విత్తనాల మూటల వెనక నిలబడి. వాన మబ్బును తీసుకుపోయి శత్రువుల గుహ చేశారు. ఏమైందని నాయన అడిగితే చెప్పాను. "వాళ్లకు నీళ్లు ఎక్కువైనట్టుండాది లే," అని ఊరుకున్నాడు. ఆయనకు తెలిసిన ఓదార్పు అంతే.

కొత్త కథ పూర్తయి బయటికి వచ్చేసరికి శ్రావణం వచ్చింది. అక్కడక్కడా తుంపర్లు తప్ప పదును కాలేదు. విత్తనాల మూటలు మూటలుగానే ఉన్నాయి. నెట్ సెంటర్‌లో ఆటను సీడీ మీదికి ఎక్కించుకుని తెచ్చాను. ఆడించి చూపించమని బెంచీ మీదివాళ్లు పట్టుబట్టారు. నిజానికి నాకు మనసు లేదు. అయినా వాళ్లు కూడా ఆ ఆకాశానికి మేస్త్రీలే కాబట్టి కాదనలేకపోయాను.

దాడి ఘట్టం వచ్చింది. తెర నిండా మా మబ్బులు. శత్రువుల ఓడలు వాటి మధ్య నుంచి దూసుకువచ్చి నన్ను కాలుస్తున్నాయి. ఆ ఓడల్ని ఒక్కరు కూడా చూడలేదు. "కొంచెం ఎడమకు తిప్పు పాపా, మెరుపు కనపడనీ," అని పెద్దాయన. తిప్పాను. ఈశాన్యం మూల మెరుపు. ఆహా అన్నారు. ఈలోగా నా ఓడ పేలిపోయింది. "ఏమైంది, మోడం యాడ పోయ?" అని గోల. ఆ ఘట్టం దాటడానికి మా తాతముత్తాతలు దిగివచ్చినంత పనైంది.

చివరికి ఆఖరి ఘట్టం. యుద్ధం ముగిసింది. పైలట్ ఇంటి దారి పట్టాడు. సంగీతం మారింది, తెర బంగారు రంగు అయిపోయింది. పెద్ద సూర్యుడు. ఎక్కడా ఒక్క మబ్బు లేదు. అది చాలా అందంగా ఉంది, ఒప్పుకుంటాను.

పెద్దాయన తలకు చుట్టిన తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "అయ్యో పాపం," అన్నాడు. "ఇన్నేండ్లు కొట్లాడి ఇంటికొస్తే, ఆడ గూడా వాన ల్యా."

కణేకల్ రైతు కూడా అవునన్నట్టు తల ఊపాడు.

నేను ఆట ఆపేశాను. ఉండు తాతా, పోవద్దు అని, ఆట ఫైళ్లు తెరిచి, బంగారు బొమ్మలు ఆరూ తీసేసి, అదే పేర్లతో మా మబ్బుల బొమ్మలు పెట్టాను. అప్పటికే నాకు కళ్లు మసకబారి రెండు బొమ్మలు తారుమారైతే మళ్లీ సరిచేశాను. ఆఖరి ఘట్టం మళ్లీ మొదలుపెట్టాను. నాయన గల్లాపెట్టెకు తాళం వేసి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

అదే సంగీతం. పైలట్ తూర్పు మొగం పెట్టి వస్తున్నాడు. ముందంతా నల్లటి మోడం, పొట్ట కిందికి వాలి. ఈశాన్యం మూల మెరుపు. ఈసారి కాల్చేవాళ్లు ఎవరూ లేరు. తిప్పమని కూడా ఎవరూ అడగలేదు, అందరూ అలాగే చూస్తున్నారు.

"ఇప్పుడు చేరినాడప్పా ఇంటికి," అన్నాడు పెద్దాయన.