మూడు కాగితాలు చదివించిన మామ

మా ఎదురింటి మామ పోయాడని నాకు మొదట చెప్పింది పాలు పోసే ఆమె. పొద్దున్నే అంగడి తలుపులు తీస్తుంటే క్యాను కింద పెట్టి, "మీ మామ లేడంటమ్మా" అంది. నమ్మబుద్ధి కాలేదు. రోడ్డు దాటి వెళ్ళి, వాకిట్లో నిలబడి ఉన్న ఆయన కోడలిని మళ్ళీ అడిగాను. "తెల్లారి మందను వదలడానికి లేచినాడక్కా. దడి దగ్గరే కూలబడినాడు" అని ఆమె ఏడ్చింది. రెండో నోట విన్న తర్వాతే ఆ మాట నా లోపలికి దిగింది. అలా రెండో మనిషిని అడిగే అలవాటు నాకు పుట్టింటి నుంచి వచ్చింది కాదు. ఆయన దగ్గర పట్టుబడిందే.

మామ అంటున్నానే గానీ మాకు చుట్టరికం లేదు. మాది పుల్లలచెరువు వైపు అడివి అంచు ఊరు. నేను కోమటి ఇంటి కోడలిని, మాకు కిరాణా అంగడి. ఆయన గొర్రెల కాపరి. నేను కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే అంగట్లోకి వచ్చి, "కోడలా, తూకం రాయి ఒకసారి ఈ పక్క తట్టలోకి మార్చు" అన్నాడు. రాయిని మార్చి తూచాను. ముల్లు సరిగానే నిలబడింది. ఆయన తృప్తిగా తల ఊపి, పప్పు పొట్లం తీసుకుని పోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ తర్వాత ఎలక్ట్రానిక్ కాటా వచ్చిన రోజు కూడా, దాని మీద ముందు తన చేతికర్ర పెట్టించి, తీయించి, మళ్ళీ పెట్టించాడు.

ఆయనకు చదువు రాదు. వయసులో ఉన్నప్పుడు మార్కాపురం బస్టాండులో గిద్దలూరు బస్సు ఏదని ఒకాయనను అడిగి, చంకలో పొట్టేలు పిల్లతో ఎక్కి, దొనకొండలో దిగాడట. తిరిగి ఇల్లు చేరేసరికి రెండు రోజులు పట్టిందట. అప్పటి నుంచి ఏ కాగితమైనా ఇద్దరితో చదివించుకునేవాడు. మందుల అట్ట మీద రాసింది నా చేత చదివించి, మళ్ళీ నర్సమ్మ దగ్గరికి పోయేవాడు. కరెంటు బిల్లూ అంతే. సాయంత్రం మందను తాను లెక్కపెట్టి, భార్యను పిలిచి ఆమెతోనూ లెక్కపెట్టించేవాడు. ఎవరైనా నవ్వితే, "నమ్మకం గొర్రెకుండాల. మనిషికి కన్నుండాల" అనేవాడు.

ఆ కన్ను ఒకసారి మా మూడు ఊళ్ళ మీద పడింది. దాన్ని గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఆ రోజుల్లో ఆయనను అందరికంటే ముందు తప్పుపట్టింది నేను.

మాది, ఎగువూరు, వాగవతలి ఊరు, ఈ మూడు పంచాయతీలు కలిసి ఒకే అభివృద్ధి ప్రణాళిక తయారు చేసుకోవాలని పై నుంచి చెప్పారు. వేరువేరుగా అడిగితే ఏదీ రాదనీ, కలిసి అడిగితే మూడూళ్ళకూ తాగునీళ్ళ ట్యాంకు, పైపులు, రోడ్డు వస్తాయనీ అన్నారు. మా దగ్గర బోరు నీళ్ళు తాగితే పళ్ళు పచ్చబడతాయి, మోకాళ్ళు పట్టేస్తాయి. ఎండాకాలం వస్తే ట్యాంకరు కోసం డ్రమ్ములు వరుసలో పెట్టుకుని కూర్చోవడమే. అందుకని సరేనన్నాం. కానీ మూడూళ్ళకూ ఒకరంటే ఒకరికి పడదు. వాగు మీద చెక్ డ్యాం తెగిపోయినప్పటి నుంచి, పక్కూరి వాళ్ళే తెంచారని ప్రతి ఊరూ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ప్రణాళిక రాసే పనిని ఒక ప్రైవేటు ఏజెన్సీకి అప్పగించారు. దాని తరఫున ఒకాయన ట్యాబు పట్టుకుని బైకు మీద వచ్చేవాడు. ఊళ్ళో అందరూ ఆయనను ప్లాను సారు అనేవాళ్ళు. నేను అప్పుడు వార్డు మెంబరును. చదువుకున్నదాన్నని మా ఊరి కమిటీలో పెట్టారు. ప్లాను సారు మా ఊరి కాపీని నా చేతికిచ్చి, "మేడం, సభ అయ్యేదాకా బయటి ఊళ్ళవాళ్ళకు చూపించొద్దు. గొడవలొస్తాయి" అన్నాడు. ఆ మాట నాకు సబబుగానే తోచింది.

అందులో ట్యాంకు స్థలం మా మరిది చేను పక్కన రాసి ఉంది. ట్యాంకు వస్తే రోడ్డు వస్తుంది, రోడ్డు వస్తే చేనుకు విలువ వస్తుంది అని నేను లోపల సంతోషించిన మాట నిజం. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మామ అంగడి ముందు బల్ల మీద కూర్చుని ఆ కాగితం మొత్తం చదివించుకున్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. ట్యాంకు దగ్గరికి వచ్చాక, "ఆ ముక్క మళ్ళా చదువు" అన్నాడు. చదివాను. లేచి, "ఆ కాగితం ఒక పూట ఇస్తావా కోడలా?" అన్నాడు.

"ఇవ్వకూడదు మామా. ఎందుకు?"

"ఊరికే" అని వెళ్ళిపోయాడు.

రెండు రోజులకు వాగవతలి ఊళ్ళో, వాళ్ళ కమిటీలో ఉన్న పోస్టుమ్యాను అరుగు మీద మామ కూర్చుని ఉండగా చూశామని మా ఊరివాళ్ళు చెప్పారు. అరుగు మీద కాగితాలు కూడా ఉన్నాయట. మరునాడూ అక్కడే ఉన్నాడట. నాకు అనుమానం పుట్టింది. అది ఒకసారి పుట్టిందంటే ఇక దానికి అన్నీ సాక్ష్యాలే. వాగవతల ఆయన చెల్లెలి అత్తిల్లు ఉంది కదా అనుకున్నాను. మందను ఆ పక్కకే ఎక్కువ తోలుతున్నాడు కదా అనుకున్నాను. ట్యాంకును వాళ్ళవైపు లాక్కోవడానికి ఆయనను వాడుకుంటున్నారని తేల్చేశాను.

సచివాలయంలో మా ఊరి మీటింగు జరిగిన రోజు, అందరి ముందూ అడిగాను.

"మామా, ఈడ విన్నది పోయి వాగవతల చెప్పొస్తున్నావంట. నిజమేనా?"

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు. ఏదో కొలుస్తున్నట్టు చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని, "ఇంకొక ఊరుండాది. అది గూడ పోయొచ్చినాక చెప్తా" అని బయటికి నడిచాడు.

"చూసినారా, ఎంత ధైర్యమో" అన్నాడు సర్పంచి.

ఆ తర్వాత మా ఊళ్ళో ఎవరూ ఆయన మందను చేలో కట్టించుకోలేదు. ఎరువు కోసం గొర్రెల మందను రాత్రిపూట చేలో ఆపించుకోవడం మా దగ్గర మామూలే, కాపరి ఇంటికి గింజలు వచ్చేది దానితోనే. ఆ ఏడు అందరూ కంభం వైపు నుంచి వచ్చిన మందను పిలిపించుకున్నారు. నేనూ మాట్లాడటం మానేశాను. ఆయన మాత్రం ఎప్పటిలాగే టీ పొడికి వచ్చేవాడు. కాటా మీద కర్ర పెట్టి చూసేవాడు. "పిల్లోళ్ళు బాగుండారా కోడలా?" అని అడిగేవాడు. నేను పొట్లం కట్టి బల్ల మీద పెట్టేదాన్ని.

సంతకాల సభ ఎగువూరు హైస్కూలు ఆవరణలో జరిగింది. షామియానా కింద మూడూళ్ళ వాళ్ళమూ మూడు గుంపులుగా కూర్చున్నాం. మధ్యలో ఇద్దరు మనుషుల వెడల్పున ఖాళీ వదిలాం. ప్లాను సారు మైకు పట్టుకుని, మూడు పంచాయతీల ఐకమత్యం జిల్లాకే ఆదర్శమని చెప్పి, సర్పంచులను సంతకాలకు పిలిచాడు. అప్పుడు వెనక నుంచి మామ లేచాడు.

"సారూ, సంతకానికి ముందు ఒకసారి చదివించండి."

"అందరూ చదివినారు కదా పెద్దాయనా" అన్నాడు ప్లాను సారు.

"ఎవుని కాగితం వాడు చదివినాడు. పక్కూరి కాగితం చదవమంటన్నా."

మూడు గుంపుల్లోనూ కదలిక వచ్చింది. మా సర్పంచి మా కాపీని మడిచి జేబులో పెట్టుకోబోయాడు. ఎగువూరు వాళ్ళు కూడా తమది ఇచ్చేది లేదన్నారు. "ఏముందో అందులో దాచుకోడానికి?" అని మా వాళ్ళలో ఒకరు అరిచారు. "మీదాంట్లో ఏముందో మీరు చూపించండి" అని అటు నుంచి అన్నారు. చివరికి ఒకరి మీద ఒకరికున్న అనుమానమే మామ పని చేసిపెట్టింది. పక్కవాడి కాగితం చూడాలన్న ఆత్రంలో ఎవరిది వాళ్ళు వదులుకున్నారు.

ఎగువూరి కాపీ నా చేతికి వచ్చింది. ట్యాంకు స్థలం దగ్గరికి వచ్చేసరికి ఆగి, ఆ వరసను మళ్ళీ చదివాను. "ఎగువూరు పశువుల ఆసుపత్రి పక్కన" అని ఉంది. వాగవతలి ఊరి టీచరమ్మ మా కాపీ తీసుకుని, మా మరిది చేను పేరు పైకి చదివింది. ఎగువూరి సర్పంచి వాగవతలి వాళ్ళ కాపీ చదివాడు. అందులో ట్యాంకు వాళ్ళ బడి వెనక ఉంది.

మామ మెల్లగా అడిగాడు. "మూడు కాగితాలు మూడు మాటలు చెప్తన్నాయి. పైకి పోయేది ఏది సారూ?"

ప్లాను సారు ముఖం తుడుచుకున్నాడు. టీచరమ్మ చెయ్యి చాపి ట్యాబు అడిగింది. ఇవ్వక తప్పలేదు. పైకి పంపబోయే ప్రతిలో ఆ గడిలో ఒకే వాక్యం ఉంది. స్థలం తరువాత నిర్ణయించబడును.

"ఏం చేయమంటారు?" అన్నాడు ప్లాను సారు. గొంతులో దబాయింపు లేదు, అలసట ఉంది. "ఒక ఊళ్ళో పెడితే మిగతా రెండూళ్ళూ సంతకం పెట్టవు. ముందు మంజూరు కానీ, తర్వాత సర్దుకోవచ్చు అనుకున్నాను."

"తర్వాత ఎవురు సర్దుతారు? మేమా, నువ్వా?" అన్నాడు మామ.

ఆ రోజు సంతకాలు జరగలేదు. షామియానా విప్పేటప్పుడు చూస్తే మధ్యలో వదిలిన ఖాళీ లేదు. అందరూ కలిసి ప్లాను సారు చుట్టూ మూగి ఉన్నారు.

తర్వాత మూడూళ్ళ నుంచీ ముగ్గురేసి మనుషులం మామ వెంట నడిచాం. ఊళ్ళ మధ్య ఉన్న రాతి గట్టు మీదికి తీసుకెళ్ళాడు. "ఈడ చినుకు పడితే మూడు దిక్కులకూ పారతాది. ముప్పై ఏండ్లుగా చూస్తన్నా" అన్నాడు. మండల ఇంజనీరు వచ్చి కొలిచి చూసి, నిజమే, మూడూళ్ళకూ పంపు పెట్టకుండా నీళ్ళు దిగుతాయన్నాడు. వానాకాలంలో మామ మందకు మంచి మేత దొరికేది ఆ గట్టు మీదే. ట్యాంకు కడితే దాని చుట్టూ కంచె వేస్తారని ఆయనకు తెలుసు. ఆ మాట ఆయన ఎత్తలేదు. ఆ పూట మాకెవరికీ గుర్తు రాలేదు.

గట్టు దిగేటప్పుడు నేను వెనకబడి, "తప్పయింది మామా. అందరి ముందూ అట్ల అడిగినాను" అన్నాను.

ఆయన ఆగాడు. "నేను గూడ నిన్ను అనుమానించినాలే. మీ మరిది చేను పేరు చదివినావు గదా. కావాల్నే అట్ల చదువుతుండావేమో, కాగితంలో ఇంకోటి ఉందేమో అనుకున్నా. అందుకే వాగు దాటి పోయినా."

తల మీద నీళ్ళు పోసినట్టయింది. ఇన్నాళ్ళూ ఆయనను తూకంలో పెట్టింది నేననుకున్నాను. నన్నూ ఆయన పెట్టాడని తెలియదు.

"మరి ఆ రోజే చెప్పొచ్చు గదా? ఊరంతా నిన్ను ఎలేసినంత పని చేసినారు."

"రెండూళ్ళ కాగితాలే విన్నా అప్పటికి. మూడోది వినకుండా చెప్తే అది చాడీ అవుతాది" అన్నాడు.

కొత్త ప్రణాళికను మూడూళ్ళ నోళ్ళతో మూడుసార్లు చదివి సంతకాలు చేశారు. గౌరవంగా మామను కూడా వేలిముద్ర వేయమన్నారు. "అది మాత్రం అడగాకండి. ముద్ర ఎయ్యమంటే నాకు మళ్ళా అనుమానమొస్తాది" అని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ట్యాంకు లేచింది. ఈ ఎండాకాలం మొదట్లో మా వీధి కొళాయిలో నీళ్ళు వచ్చిన రోజు ఆడవాళ్ళం బిందెలతో మూగాం. మామ దోసిట్లో పట్టి వాసన చూశాడు. తాగలేదు. ఒక ముసలి గొర్రెను తెచ్చి, బొక్కెనలో పట్టి ముందు పెట్టాడు. అది తాగి తల ఎత్తకుండా మళ్ళీ తాగింది. అప్పుడు తానూ తాగి, "బాగుండాయి" అన్నాడు. నేను నవ్వుతూ, "ఇప్పుడైనా నమ్ముతావా మామా?" అన్నాను. "రేపు గూడ రానీ" అన్నాడు.

మరునాడూ వచ్చాయి. ఇంకో రెండు నెలలు ఆ నీళ్ళు తాగి ఆయన వెళ్ళిపోయాడు.

నేను ఇప్పుడు మెంబరును కాను. అయినా ఏదైనా కాగితం మీద సంతకం పెట్టమంటే, ఇంకెవరి దగ్గర దీని కాపీ ఉందని అడుగుతాను. కొందరు ముఖం చిట్లిస్తారు. మనుషుల మీద ఇంత అనుమానమేంటని మా ఆయనే విసుక్కుంటాడు. అనుమానించడం మామ నేర్పకముందే నాకు తెలుసు. దాన్ని పట్టుకుని ఇంకొక వాగు దాటి వెళ్ళి చూసి రావాలని ఆయన దగ్గర నేర్చుకున్నాను.

మామ పెద్దదినం నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను ఒంటరిగా గట్టెక్కాను. మామ కొడుకు అక్కడ మందను ఆపి ఉన్నాడు. చెట్టన్నది లేని ఆ గట్టు మీద ట్యాంకు నీడ ఒక్కటే పరుచుకుని ఉంది. గొర్రెలన్నీ కంచెను ఆనుకుని, తలలు ఒకదాని కడుపు కింద ఒకటి దూర్చి, ఆ నీడలో పడుకున్నాయి. పొద్దు వాలేకొద్దీ నీడ మెల్లగా మా వైపు నుంచి వాగవతలి వాళ్ళ బీడులోకి జరిగింది. గొర్రెలు లేచి, దానితోపాటు జరిగి, మళ్ళీ పడుకున్నాయి. అవతల చేని గట్టున నిలబడ్డ వాళ్ళ ఊరి రైతు ఒకడు కాసేపు వాటి వైపు చూశాడు. వాటిని అదిలించకుండా తన చేలోకి దిగిపోయాడు.